స్పైక్స్ ఇచ్చిన అన్న, సంచి ఇచ్చిన అన్న

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్. మాది పాకాల దగ్గర పల్లె. నాయన మామిడికాయల మండీలో హమాలీ. నేను తిరుపతిలో పిన్నమ్మ వాళ్లింట్లో ఉండి చదువుకుంటా ఉండాను. 400 మీటర్లు పరిగెత్తుతాను. టెన్త్ దాకా ఉత్త కాళ్లతోనే పరిగెత్తినాను. ఇక్కడ గ్రౌండ్‌లో ఒక అన్న నా పరుగు చూసి తన పాత స్పైక్స్, అడుగున మేకులుండే పరుగు బూట్లు, ఇచ్చినాడు. వేళ్ల దగ్గర వదులుగా ఉంటే తనే గుడ్డముక్క మడిచి లోపల కుక్కి, 'ఇప్పుడు పరిగెత్తరా' అన్నాడు. ఆరోజు నా టైమింగ్ రెండు సెకన్లు తగ్గింది. అప్పట్నించి ఆ అన్న బ్యాచ్‌లోనే ఉండాను. మేం ఆరుగురం. పొద్దున అయిదింటికి అలిపిరి మెట్లు, సాయంత్రం గ్రౌండ్. అన్నకు 20 ఏళ్లు. నాయన లేడు, వాళ్లమ్మ పూలు కట్టి అమ్ముతుంది. కానిస్టేబుల్ సెలక్షన్స్‌కు కూడా రెడీ అవుతా ఉండాడు.

జిల్లా సెలక్షన్స్‌కు ముందు వాళ్లు ఇంజెక్షన్లు వేసుకుంటా ఉంటే చూసినాను. నన్ను వేసుకోమనలేదు. బయట నిలబడి ఎవరైనా వస్తే ఈల వేయమన్నారు. వేసినాను. తర్వాత అన్న ఒక సంచి ఇచ్చి, 'నీ మింద ఎవురికీ అనుమానం రాదు, మీ పిన్నమ్మ వాళ్లింట్లో పెట్టుకో' అన్నాడు. దాంట్లో సిరంజులు, చిన్న గాజు సీసాలు ఉండాయి. ఒకదాని మింద మెఫెంటర్మిన్ అని ఉంది. రెండిటికి లేబులే లేదు. పిన్నమ్మకు మూడేళ్ల పాప ఉంది, అన్నీ లాగుతా ఉంటుంది. అందుకని అటక మింద బియ్యం డబ్బా వెనక పెట్టినాను.

పోయిన వారం మా బ్యాచ్‌లో 16 ఏళ్ల పిల్లోడు మూడో రౌండు పరిగెత్తి ట్రాక్ మిందే పడిపోయినాడు. మొహం ఎర్రగా అయిపోయింది, గుండె దడదడా కొట్టుకుంటా ఉంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయినాం. డాక్టరమ్మ 'ఏమన్నా వేసుకున్నాడా' అని అడిగింది. అన్న 'లేదు మేడమ్, పొద్దున్నించి ఏం తినలేదు' అన్నాడు. డాక్టరమ్మ నా దిక్కు చూసింది. నేను కిందికి చూసినాను. గ్లూకోజ్ పెట్టి సాయంత్రం పంపించేసినారు.

ఇంకో మూడు వారాల్లో స్టేట్ మీట్. సంచి నన్నే తెమ్మంటా ఉండారు. ఈసారి నువ్వు కూడా ఒకటి వేసుకో, లేకపోతే నిన్నెట్లా నమ్మేది అంటా ఉండారు. అందరూ వేసుకునేవాళ్లేనంట. కోచ్ సార్‌కు తెలుసో లేదో నాకు తెలీదు. నేను బయటపెడితే అన్న జీవితం పోతుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే కదా? చెప్పకుండా ఉంటే నిద్ర పట్టడం లేదు. నేను ద్రోహినా మేడమ్?

జవాబు: నాయనా, నీ ఉత్తరంలో పేర్లు తీసేశాను, నిన్ను గుర్తుపట్టే వివరాలు రెండు మూడు మార్చాను. ఇది అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదు కాబట్టి నువ్విచ్చిన నంబరుకు ఆ రాత్రే మెసేజ్ పెట్టాను. 'సరే మేడమ్, చూస్తాను' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ముప్పయ్యేళ్లు పీఈటీగా, అంటే బడిలో వ్యాయామ టీచరుగా చేసినదాన్ని. 'చూస్తాను' అన్న పిల్లలు చూడరని నాకు తెలుసు. అందుకే ఆ మెసేజ్‌లోని మాటలే ఇక్కడ ఇంకొంచెం విడమరిచి రాస్తున్నాను. ఇలాంటి సంచి ఇంకెవరి అటక మీదన్నా ఉంటే వాళ్లూ చదువుకుంటారు.

నువ్వు ద్రోహం గురించి అడిగావు. దానికి తర్వాత వస్తాను. నీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు వేరే ఉంది. డాక్టరమ్మ నీ దిక్కు చూసిన చోటు. ఆమెకు అనుమానం వచ్చింది. ఆకలికి కళ్లు తిరిగి పడిపోయే పిల్లలు మామూలుగా మొహం పాలిపోయి, చెమటలు పట్టి ఉంటారు. మొహం ఎర్రబడి గుండె అంతలా కొట్టుకుంటున్నవాణ్ని చూసి అడగాల్సిన ప్రశ్నే అడిగింది. పెద్దోడు అబద్ధం చెప్పాడు, చిన్నోడు నేల చూశాడు. ఆమె చేతిలో మిగిలింది గ్లూకోజ్ బాటిల్ ఒక్కటే.

మెఫెంటర్మిన్ అంటే ఏమిటో మీ బ్యాచ్‌లో ఎవరికీ తెలిసి ఉండదు. అది ఆపరేషన్ థియేటర్లో ఉండాల్సిన మందు. సిజేరియన్ లాంటి వాటికి వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు ఒక్కోసారి బీపీ దబ్బున పడిపోతుంది. దాన్ని పైకి తేవడానికి మత్తు డాక్టరు, పక్కన మానిటర్ పెట్టుకుని, కొలిచి కొలిచి ఇస్తారు. పడిపోయిన బీపీని లేపే మందును నిక్షేపంలా ఉన్న 16 ఏళ్ల పిల్లోడికి ఎక్కిస్తే బీపీ, గుండె వేగం రెండూ హద్దు దాటతాయి. దాని మీద పరుగు, దాని మీద మన తిరుపతి ఎండ. ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఉన్నప్పుడు గుండె లయ తప్పొచ్చు, మెదడులో నరం చిట్లొచ్చు. అలుపు పోయినట్టు ఉంటుందని వాళ్లు చెప్పే ఉంటారు. అలుపు ఎక్కడికీ పోదు నాయనా, తెలియకుండా ఉంటుంది, అంతే. ఆగాల్సిన చోట కాళ్లు ఆగవు. జిమ్ములకు పోయే కుర్రాళ్లలో, పోలీసు సెలక్షన్స్‌కు తయారయ్యేవాళ్లలో ఈ సీసాలు తిరుగుతున్నాయని, ఫలానా చోట పట్టుకున్నారని పేపర్లలో వస్తూనే ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. సీసా పక్కన నిలువుగా ఎర్రగీత ఉంటుంది, చూసుకో.

లేబుల్ లేని ఆ రెండు సీసాలు నన్ను ఇంకా భయపెడుతున్నాయి. లేబుల్ చించారంటే చూపించకూడని పేరేదో దాని మీద ఉందన్నమాట. కండలు పెంచే స్టెరాయిడే అయితే, ఎదిగే వయసులో ఎముకల చివర పెరగాల్సిన భాగం ముందే గట్టిపడిపోయి పొడవు అక్కడితో ఆగిపోతుంది. మగపిల్లలకు వృషణాలు చిన్నబడతాయి, రొమ్ములు పెరుగుతాయి, ఊరికే కోపాలు వస్తాయి. ఈ మాటలు మొహమాటం లేకుండా రాస్తున్నాను. గ్రౌండ్‌లో ఇవి ఎవరూ చెప్పరు.

గ్లూకోజ్ పెట్టి పంపేశారు కాబట్టి ఆ పిల్లోడు, వాళ్లమ్మ, ఇద్దరూ అది ఆకలేననుకుంటున్నారు. పిల్లోడు అనుకోకపోయినా అనుకున్నట్టు ఉంటున్నాడు. పొద్దున పూట రెండు ఇడ్లీలు ఎక్కువ పెట్టి పంపుతోంటుంది ఆ తల్లి. మూడు వారాల తర్వాత స్టేట్ మీట్‌లో అతను మళ్లీ వేసుకుంటాడు, నువ్వు తీసుకుపోయిన సంచిలోంచే. కాబట్టి అన్న సంగతి, ఫిర్యాదు సంగతి, మీట్ సంగతి అన్నీ పక్కన పెట్టి ముందు ఆ ఇంటికి పో. 'ఆరోజు నువ్వు పడిపోయింది ఆకలికి కాదురా. మళ్లీ డాక్టర్ దగ్గరికి పోదాం, ఏం వేసుకున్నావో చెబుదాం, నేనూ వస్తాను' అను. రుయా ఆస్పత్రికైనా సరే, మొదట చూసిన డాక్టరమ్మ దగ్గరికైనా సరే. నిజం తెలిస్తే ఈసీజీ తీస్తారు, బీపీ చూస్తారు, ఎన్నాళ్లు పరుగు ఆపాలో చెబుతారు. డాక్టరు ముందు నిజం చెప్పినందుకు అక్కడ ఎవరూ మిమ్మల్ని పట్టి కట్టెయ్యరు.

ఇంకోటి కూడా అడుగు. ఒకే సూది ఇద్దరు వాడారా అని. వాడారంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకోవాల్సిందే. 18 ఏళ్లలోపు వాళ్లకు హెచ్‌ఐవీ పరీక్షకు తల్లిదండ్రుల ఒప్పుదల అడుగుతారు. అంటే వాళ్లమ్మకు తెలియకుండా ఈ పని జరగదు. తెలియనీ.

ఇక అటక. మూడేళ్ల పాప అన్నీ లాగుతుందని నువ్వే రాశావు. పైన పెట్టాను కదా అనుకున్నావు. మీ పిన్నమ్మ ఒకరోజు బియ్యం దింపుతుంది, సంచి జారి కింద పడుతుంది, పాప అక్కడే ఆడుకుంటూ ఉంటుంది. చాలదా? నువ్వు ఆ ఇంట్లో తింటున్నావు. తిన్నింటి వాసాలు అన్నావు చూడు, ఆ సామెత అన్నకు వర్తిస్తుందో లేదో గానీ పిన్నమ్మకు మాత్రం వర్తిస్తుంది. ఆమెకు తెలియకుండా ఆమె ఇంట్లో వాడేసిన సూదులు దాచావు. ఇది చదివి నీకు కష్టంగా ఉంటే ఉండనీ.

ఆ సంచిని చెత్తబండిలో వేయొద్దు. పొద్దున్నే చెత్త వేరుచేసే అమ్మ చేతికి గుచ్చుకుంటుంది. కాలవలో పారేయొద్దు. తిరిగి అన్న చేతికీ ఇవ్వొద్దు, ఇస్తే ఇంకో పిల్లోడి అటక ఎక్కుతుంది. మీ నాయనకు ఫోన్ చేసి తిరుపతికి రమ్మను. ఆయన వచ్చాక సీసాలకు ఫోటోలు తీయండి. సూదుల్ని చేత్తో తాకకుండా, సంచినే వంచి గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి జారవిడిచి మూత బిగించండి. మీ కాలేజీలో ఆటలు చూసే పీడీ గారికి సంగతి చెప్పి, ఆయన్నీ కూర్చోబెట్టుకుని నాడాకు రాయండి. అది మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ, ఆటల్లో నిషేధించిన మందుల వాడకాన్ని అరికట్టేది. ఇలాంటి సమాచారం తీసుకోవడం దాని పనుల్లో ఒకటి. సీసాలు ఎవరికి అప్పగించాలో వాళ్లు చెప్పేదాకా అవి పీడీ గారి బీరువాలో తాళం కింద ఉంటాయి. కోచ్ సార్‌కు తెలుసో లేదో తెలియదన్నావు కాబట్టి మొదటి మాట ఆయన చెవిన వేయొద్దు. ఆయన మంచివారే కావచ్చు. పరీక్షించి చూసే సమయం ఇది కాదు.

నాయనకు చెప్పాలంటే భయంగా ఉందా? మండీలో మూటలు మోసే మనిషి, కొడుకు పరుగు గురించి పదిమందికి చెప్పుకుని ఉంటాడు. అరుస్తాడు. ఒకటి వేస్తాడేమో కూడా. అయినా నీ పక్కన నిలబడేది ఆయనే. ఎట్లా చెప్పాలో నోరు పెగలకపోతే 1098కి ఫోన్ చెయ్యి, 18 ఏళ్లలోపు పిల్లల కోసమే ఉన్న నంబరు అది. నిద్ర పట్టడం లేదన్నావు కాబట్టి 14416 కూడా రాసుకో. టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఇప్పుడు అన్న దగ్గరికి వద్దాం.

గుడ్డముక్క మడిచి స్పైక్స్‌లో కుక్కిన మనిషి మీద నాకు గౌరవం ఉంది. పూలమ్మే తల్లి కొడుకు, తన పాత స్పైక్స్ అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయి, అమ్ముకోలేదు, నీకిచ్చాడు. నీకు ఆ రుణం ఉంది. లేదని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. కానీ సంచి ఇచ్చేటప్పుడు ఆయనేమన్నాడు? నీ మీద ఎవరికీ అనుమానం రాదు, అన్నాడు. అంటే నీ మంచిపేరును లెక్కేసుకుని చూశాడు. దొరికితే 20 ఏళ్ల తన దగ్గర కాదు, 17 ఏళ్ల నీ దగ్గర దొరకాలి. స్పైక్స్ ఇచ్చినవాడికి నువ్వు రుణపడ్డావు. సంచి ఇచ్చినవాడికి ఏమీ పడలేదు. ఇద్దరూ ఒకే మనిషి కావడమే నీకొచ్చిన చిక్కు. ఇద్దరికీ కలిపి ఒకటే లెక్క కట్టాలని చూస్తున్నావు, అందుకే తెల్లార్లూ ఆ లెక్క తేలడం లేదు.

ఆయనా చెడ్డవాడని నేననడం లేదు. కానిస్టేబుల్ పరుగు 1600 మీటర్లు, వయసు దాటిపోతుందన్న భయం, ఇంట్లో చూస్తే పూలబుట్ట. ఆ సీసాలు ఆయన తయారుచేయలేదు కదా. ఆయనకూ ఒక అన్న ఉంటాడు, ఆ అన్నకు ఒక మందుల షాపు ఉంటుంది. ఆ షాపు దాకా ఎవరూ పోకపోతే ప్రతి గ్రౌండ్‌లోనూ నీలాంటి వాడొకడు ఈల వేస్తూ నిలబడాల్సిందే.

నిబంధనల గురించి ఒక్క సంగతి తప్పకుండా తెలుసుకో. సూది వేసుకున్నవాడిదే తప్పు, నేను కాపలా కాశాను అంతే కదా అనుకుంటున్నావేమో. క్రీడల్లో డోపింగ్‌కు సంబంధించిన ప్రపంచ నియమావళి, దాన్నే మన దగ్గర నాడా అమలు చేస్తుంది, పదకొండు రకాల తప్పులు చెబుతుంది. ఒంట్లో మందు దొరకడం అందులో ఒకటి మాత్రమే. దగ్గర పెట్టుకోవడం తప్పు, ఇంకొకరికి చేరవేయడం తప్పు, ఎక్కించడం తప్పు, దాచిపెట్టడానికి సాయపడటం కూడా తప్పే. సంచి మోసుకుని స్టేట్ మీట్‌కు పోయావంటే ఒక్క సూది పొడిపించుకోకుండానే రెండు మూడు తప్పుల్లోకి దిగుతావు. స్టెరాయిడ్ లాంటి వాటికి మామూలు శిక్ష 4 ఏళ్ల నిషేధం. 17 ఏళ్లప్పుడు పడితే 21 దాకా. నీ పరుగు వయసు అదే.

అదే నియమావళిలో నీకు పనికొచ్చేవీ ఉన్నాయి. 18 ఏళ్లు నిండని పిల్లలకు శిక్ష తగ్గించే వీలుంది, వాళ్ల పేరు బయటపెట్టి తీరాలన్న నిర్బంధం లేదు. చిన్నపిల్లలు దొరికితే వాళ్ల వెనకున్న పెద్దల మీద విచారణ చేయమని కూడా రాసి ఉంది. తనంతట తానుగా వచ్చి ఒప్పుకుని, మందు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పినవాడికి శిక్ష తగ్గుతుంది. ఈ చివరిది మీ అన్న కోసం రాశాను, చదివి వినిపించు. 2021 నుంచి ఇంకొకటి చేర్చారు, సమాచారం ఇచ్చినవాణ్ని బెదిరించడం కూడా తప్పేనని. కానీ కాగితం మీద నియమం సాయంత్రం ఆరున్నరకు చీకట్లో గ్రౌండ్ గేటు దగ్గర నీకు తోడు రాదు. కొన్నాళ్లు వేరే టైముకు పో, వేరే చోటికి పో, ఒంటరిగా మాత్రం పోకు.

అందరూ వేసుకునేవాళ్లేనంట అన్నావు. ఈ మాట నేను పనిచేసిన ముప్పయ్యేళ్లూ విన్నాను. కాపీ కొట్టేటప్పుడు అందరూ కొడతారు, వయసు దిద్దేటప్పుడు అందరూ దిద్దుతారు. లెక్క చూద్దాం. 2023లో మన దేశంలో 5,600 శాంపిళ్లు తీస్తే 200కు పైగా శాంపిళ్లలో నిషేధించిన మందులు దొరికాయి. ప్రపంచంలో అంతగా పరీక్షలు చేసే దేశాల్లో ఇంత శాతం ఇంకెక్కడా లేదు, తలదించుకోవాల్సిన సంగతే. అయినా ఆ లెక్క ప్రకారం నూటికి నలుగురు. పరీక్షకు చిక్కనివాళ్లూ ఉంటారు, రెట్టింపు వేసుకో, మూడింతలు వేసుకో. ఎట్లా వేసినా 'అందరూ' రారు. 'అందరూ' అనేది మీ ఆరుగురిలో అయిదుగురు, అంతే.

అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ మీట్‌లో ఏం జరిగిందో వినే ఉంటావు. డోపింగ్ పరీక్షలు చేసేవాళ్లు వచ్చారన్న మాట పాకింది. పురుషుల 100 మీటర్ల ఫైనల్‌కు ఎనిమిది మంది ఉండాలి. ఏడుగురు రాలేదు. ఒక్కడే వచ్చి, ఒక్కడే బ్లాక్స్ మీద కూర్చుని, ఒక్కడే పరిగెత్తాడు. స్టేడియం బాత్రూముల్లో వాడేసిన సిరంజుల వీడియోలు బయటికొచ్చాయి. రాని ఏడుగురూ మందు వేసుకున్నారని నేననను, కాలు పట్టేసిందని చెప్పినవాళ్లలో నిజంగా పట్టేసినవాళ్లూ ఉండొచ్చు. నేను ఆ పరిగెత్తిన కుర్రాడి గురించి ఆలోచిస్తుంటాను. పక్క లైన్లలో మనుషులుంటేనే కదా నువ్వెంత గట్టిగా పరిగెత్తగలవో నీకు తెలిసేది. 3,550 మెట్లు పొద్దున్నే ఎక్కి దిగే కుర్రాడివి, నీకది నేను చెప్పక్కర్లేదు.

నా సంగతి కూడా ఒకటి చెబుతాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా చిత్తూరులో జిల్లా పోటీలు. 4×100 రిలేలో నాది చివరి రౌండు. మూడో రౌండు పరిగెత్తాల్సిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి, ఆమె పేరు మీద వేరే అమ్మాయిని దించారు. వయసులో మూడు నాలుగేళ్లు పెద్దది, గాలిలా పరిగెత్తేది. పేరు ఒకరిది, కాళ్లు ఒకరివి. మా నలుగురికీ తెలుసు. బ్యాటన్ నా చేతికి వచ్చేసరికే అందరికంటే చాలా ముందున్నాం, నేను నడిచినా గెలిచేదాన్ని. మెడల్ పుచ్చుకున్నాం. సర్టిఫికెట్ మాత్రం కూర్చున్న అమ్మాయి పేరు మీదే వచ్చింది, దాన్ని ఆమెకే ఇచ్చి, చూడు నీకేం నష్టం లేదు కదా అన్నారు. నేనేమీ అనలేదు. టీమ్‌ను పాడుచేయకూడదనుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత పుత్తూరులో ఒక పెళ్లిలో ఆ పక్కన కూర్చోబెట్టిన అమ్మాయి కనిపించింది. భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నాం. నేనే ఎత్తాను ఆ మాట. తను నవ్వేసి, 'అది ఇంకా అటక మీద ట్రంకుపెట్టెలో ఉందే. ఉద్యోగానికి పెట్టుకోమని మా ఆయన అన్నాడు గానీ నేను పెట్టలేదు. నేను పరిగెత్తలేదు కదా' అంది. అని, పక్కన వడ్డించేవాణ్ని పిలిచి నా ఆకులో ఇంకో పూర్ణం వేయించింది. నాకు గొంతు దిగలేదు. నాకంటే ఆమె టీమ్‌కు ఎక్కువ చేసిందని నాకిప్పటికీ అనిపిస్తుంది, ఎందుకో సరిగ్గా చెప్పలేను.

నువ్వు బయటపెడితే ఏమవుతుందో దాచకుండా చెబుతాను. మీ అన్నకు ఏ నష్టమూ జరగదని నేను మాటివ్వను. ఆయన సెలక్షన్ పోవచ్చు. ఈ ఏడాది స్టేట్ మీట్ నీకూ పోవచ్చు, విచారణలో నీ పేరూ ఉంటుంది, ఈల వేశావు కదా. బ్యాచ్ నీతో మాట్లాడదు. తిడతారు. తిరుపతిలో ఉంటూ తిట్లకు భయపడితే ఎట్లా, గంగజాతరలో మొక్కు పేరు చెప్పి ఊరూరంతా తిట్టుకుని మళ్లీ మామూలుగా పలకరించుకునే ఊరది. తమాషాకు అన్నాను. అప్పుడు తిట్టేవాళ్లకూ ఇప్పుడు తిట్టేవాళ్లకూ తేడా ఉందని నాకూ తెలుసు. రాత్రిపూట ఫోన్ మోగకపోవడం బాధగానే ఉంటుంది.

కానీ ఒక్క పని మాత్రం ద్రోహం కాకుండా చెయ్యొచ్చు. చాటుగా చేయకు. సంచి ఇంట్లోంచి పోయాక, నాయన వచ్చాక, పగటిపూట, నలుగురూ తిరిగే చోట, అన్నను కలువు. ఫోన్‌లో వద్దు. మెసేజ్ అసలు వద్దు, స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో తిప్పుతారు. మొహం చూసి చెప్పు. 'అన్నా, సంచి నా దగ్గర లేదు. పీడీ సార్‌కు, నాయనకు చెప్పేసినాను. వాడు పడిపోయింది దేనికో వాళ్లమ్మకు కూడా చెప్పినాను. నువ్వు స్పైక్స్ ఇచ్చింది నేను మర్చిపోను. నువ్వు కూడా వచ్చి చెప్పన్నా, నేను పక్కనుంటాను.' ఇంతే. వాదించొద్దు, నీతులు చెప్పొద్దు, ఏడుపు వస్తే ఏడువు. కొట్టడానికి వస్తే వెనక్కి వచ్చేయ్, నీ పరుగు ఎందుకుంది మరి. ఆయన వస్తాడో రాడో ఆయనిష్టం.

స్పైక్స్ తిరిగి ఇచ్చేయాలా అని నువ్వు అడగలేదు గానీ, నీ మనసులో ఉంటుంది. ఆయన అడిగితే ఇచ్చేయ్. అడగకపోతే ఉంచుకో, వాటితోనే పరిగెత్తు. లోపలి గుడ్డముక్క తీసేయకు, కాలు పుండు పడుతుంది.

ఆ పిల్లోడి ఇల్లు మీ పిన్నమ్మ వాళ్లింటికి రెండు సందుల అవతలేనని మెసేజ్‌లో చెప్పావు. ఇవాళ సాయంత్రమే పో. ఒంట్లో బాగాలేని మనిషిని చూడబోతున్నావు, ఉత్త చేతులతో పోకూడదు, దారిలో నాలుగు బత్తాయిలు తీసుకో. తలుపు తీసేది వాళ్లమ్మే అయి ఉంటుంది. ఈసారి కిందికి చూడకు.